పడి విడదీసినగాని పావులు రావు

భిన్నములనగానే మనలో పలువురకు బడినాటి పలకయు, ఉపాధ్యాయుని బెత్తమును జ్ఞప్తికి వచ్చును. చదువు ముగిసి కాపురమునకు వచ్చిన పిమ్మట ఆ పీడ వదలినదని తలంతుము. విచారించి చూడగా భిన్నములు మన వంటయింటిని ఒక్క దినమైనను విడిచి యుండలేదు. మన పెద్దలనాటి శేరుంబావు నూనెయు, అరవీసె చింతపండును, ముప్పాతిక గజము రవికెగుడ్డయు భిన్నములే; నేటి కిలోన్నర కందిపప్పును, పావుకిలో జీలకఱ్ఱయు భిన్నములే. వీనిలో కూడిక మనకు కష్టము కాదు. ఉన్నదానికి తెచ్చినది చేర్చుకొన్న సరిపోవును. చిక్కంతయు తీసివేతయందున్నది. ఇంత యుండెను, ఇంత వాడితిమి, మిగిలినదెంత యను ప్రశ్న గృహిణికి దినదినము ఎదురగుచుండును. దానికి తప్పు ఉత్తరము చెప్పుకొన్నచో ఆ తప్పు పలకమీద తుడిచివేసిన పోవునది కాదు; నెలాఖరున డబ్బా అడుగున బయటపడును.

గడచిన వేసవిలో మేము కర్నూలు సీమలోని మా పుట్టినింటికి పోయి నాలుగు వారములుంటిమి. అది నల్లరేగడి నేల. వానను నమ్మిన సేద్యము. తుంగభద్ర నీరు ఆ పల్లెకు రాదు. ఆ యింటిలో జొన్నలు కొలుచుటకు ఇనుప పడియు, దాని తోడి అరపడియు, పావుపడియు ఇప్పటికిని ఉన్నవి. అంగడినుండి వచ్చునవి కిలోలు, ఇంటిలో కొలుచునవి పడులు. ఈ రెంటికిని అక్కడ తగవు లేదు. ఒక సాయంకాలము మా అన్నగారి మనుమరాలు, ఐదవ తరగతి చదువుచున్న పిల్ల, వసారాలో కూర్చుండి లెక్క చేయుచుండెను. ఒక సంచిలో 5¼ కిలోల జొన్నలున్నవట; అందు 2¾ కిలోలు పిండిమరకు పంపిరట; మిగిలినవెన్ని యని ప్రశ్న. పిల్ల తడవుకొనక వ్రాసినది: ఐదులో రెండు పోగా మూడు, ముప్పావులో పావు పోగా అర, మొత్తము మూడున్నర.

మా వదినెగారు ప్రక్కనే కూర్చుండి చేటలో జొన్నలు చెఱుగుచుండిరి. ఆమె చదివినది మూడవ తరగతి. పిల్ల బిగ్గరగా చదివిన ఉత్తరము విని చేట దింపి, "ఐదుంబావులో పావుతక్కువ మూడు తీస్తే మూడున్నర ఎట్ల మిగుల్తాది పాపా? కొలుద్దాం రా" అనిరి.

కొలుచుటకు ఆరంభించిరి. చాపమీద ఐదు నిండు పడులు ఐదు రాసులుగా పోసి, ప్రక్కన పావుపడి చిన్న రాసి యొకటి పోసిరి. "ఇప్పుడు ముప్పావు తియ్యి" అనిరి. పిల్ల చూచినది. పావు ఒక్కటే యున్నది, తీయవలసినవి మూడు. కొంతసేపు ఆలోచించి, ఒక నిండు పడి రాసిని పావుపడితో కొలిచి నాలుగు చిన్న రాసులు చేసినది. ఇపుడు నిండు పడులు నాలుగు, పావులు ఐదు. ఐదు పావులలో మూడు తీసి చేటలో పోసినది, రెండు మిగిలినవి. నాలుగు పడులలో రెండు తీసినది, రెండు మిగిలినవి. రెండు పడులును రెండు పావులును, అనగా రెండున్నర.

"ఇంకో పడి యాడికి పాయె జేజీ?" అని పిల్ల తన పుస్తకమువైపు చూచినది.

"యాడికీ పోలేదు. అది నీ పుస్తకంలోనే పుట్టింది. పడి విడదీస్తేనే గదా పావులొచ్చేది" అని వదినెగారు మరల చేట చేతబట్టిరి.

ఆ మాటలోనే ఈ తీసివేత మర్మమంతయు నున్నది. అయినను పిల్ల చేసిన తప్పును కొంచెము నిలిచి చూడవలెను. ఏలయన ఆ తప్పు పిల్లలది మాత్రమే కాదు. పైనున్న భిన్నము చిన్నదియు, క్రిందిది పెద్దదియు ఐనప్పుడు మన చేయి తనంతట తానే పెద్దదానిలోనుండి చిన్నదానిని తీసివేయును. తీయవలసినది పైదానిలోనుండి యను సంగతి మఱచును. దానివలన ఎంత తేడా వచ్చును? పావునకును ముప్పావునకును నడుమ అర గదా యని, అర తేడా వచ్చునని తోచును. కాని వచ్చినది నిండు పడి. తీసివేయవలసిన అరను తీయకపోవుటయే కాక, ఆ అరను తెచ్చి చేర్చితిమి కాబట్టి తప్పు రెట్టింపైనది. 5¼ లో 2½ తీయునప్పుడు అదే పొరపాటు చేసితిమా, భిన్నముల నడుమ తేడా పావే కాని లెక్కలో తప్పు అరయగును. రావలసినది 2¾, వచ్చునది 3¼. ఇట్టి తప్పు ఎన్నడును ఉన్నదానికంటె ఎక్కువయే చూపును, తక్కువ చూపదు. గాదెలో లేని గింజలు ఉన్నవని నమ్మించు లెక్క ఎంతటి చెఱుపు చేయునో మెట్టసీమ ఇల్లాండ్రకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

పైన భిన్నమే లేని లెక్కలో మఱియొక గుంట యున్నది. 7 పడులలో 1¾ పడి తీయుమనిన, పిల్లలు ఏడులో ఒకటి పోగా ఆఱు అని, క్రిందనున్న ముప్పావును అట్లే దింపి 6¾ అని వ్రాయుదురు. ఏడు నిండు పడులలో ఒకదానిని ముందుగా నాలుగు పావులు చేయవలెను. 6 పడులు, 4 పావులు. అందుండి 1 పడియు 3 పావులును పోగా 5¼.

బడులలో దీనికి "అప్పు తెచ్చుకొనుట" యని పేరు పెట్టినారు. మాకు ఆ మాట నచ్చదు. తెచ్చిన అప్పు తీర్పవలెను గదా. ఇక్కడ తీర్చునది ఏదియు లేదు. రూపాయి మార్చి చిల్లర తీసికొనినట్లు, మన సొమ్మునే మనము విడగొట్టుకొనుచున్నాము. అప్పు అను మాట వినుటచేతనే కొందఱు బాలికలు ఈ లెక్కకు బెదరుదురేమో యని మాకు అనుమానము. పడులను పావులుగా మార్చియే లెక్క ముగించు పద్ధతి మఱియొకటి కలదు: 5¼ పడులు 21 పావులు, 2¾ పడులు 11 పావులు, తేడా 10 పావులు, అనగా 2½. అది తప్పుట కష్టము. కాని 48¼ లో 19¾ తీయవలెనన్న 193 పావులలో 79 పావులు తీసి, 114 పావులను మరల నాలుగింట భాగించి 28½ అని చెప్పవలెను. ఒక్క పడి విడదీయుటతో తీఱు పనికి నలువదియెనిమిది పడులను విడదీయనేల?

ఇంతవరకు పైనను క్రిందను పావులే యున్నవి. గుడ్డ కొలుచునప్పుడు ఇంత సుకరముగా నుండదు. మా చిన్ననాట గజము కఱ్ఱ ఇంకను వాడుకలో నుండెను. కర్నూలు జిల్లా యెమ్మిగనూరు నేత మా యింట తఱచు వాడెడివారము. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నెలకొల్పిన చేనేత సహకార సంఘము పేరు ఆ సీమలో తెలియని యిల్లు లేదు. ఒక గుడ్డ 4⅛ గజములున్నదనుకొందము. ఆడపిల్ల పావడకు 2¾ గజములు కత్తిరించితిమి. మిగిలినదానిలో ముప్పాతిక గజము చొప్పున రెండు రవికెలు వచ్చునా?

పైన ఎనిమిదవ వంతు, క్రింద నాలుగవ వంతులు. ముందు రెంటిని ఒకే కొలతలోనికి తేవలెను. ముప్పాతిక యనగా ఆఱు ఎనిమిదవ వంతులు. ఒకటిలో ఆఱు పోవు కాబట్టి, నాలుగు గజములలో ఒక గజమును ఎనిమిది భాగములు చేసితిమి. 3 గజములు, 9 భాగములు. అందు 2 గజములు, 6 భాగములు పోగా మిగిలినది 1 గజము, 3 భాగములు. అనగా 1⅜ గజములు. రెండు రవికెలకు వలసినది 1½, అనగా 1 గజము, 4 భాగములు. ఒక్క భాగము కొఱత. గజమునకు 36 అంగుళములు గనుక ఆ భాగము నాలుగున్నర అంగుళములు. కుట్టుపనివాడు చేతులు పొట్టిచేసి ఎట్లో సరిపుచ్చవచ్చును, పుచ్చలేకపోవచ్చును. తప్పు త్రోవను పోయినవారికి 2⅝ గజములు మిగిలినట్లు తోచి, మూడు రవికెలకును వచ్చునని ధైర్యముగా కత్తెర వేయుదురు. గింజలు తప్పు కొలిచిన మరల కొలువవచ్చును. గుడ్డకు ఆ వీలు లేదు.

ఈ ఎనిమిదవ వంతునకు మన భాషలో పరక యని చక్కని పేరున్నది. నాలుగవ వంతు కాలు లేక పావు, సగము అర, మూడు కాళ్లు ముక్కాలు, పదునాఱవ వంతు వీసము, రెండు వీసములు పరక, మూడు వీసములు మువ్వీసము. 1820లో ఉద్యోగమునకై కడపకు వచ్చి, తెలుగు నేర్చి, తెలుగువారికి నిఘంటువు కూర్చిపెట్టిన సి. పి. బ్రౌనుదొరగారు ఈ మాటలలో వీసమునకు పదునాఱవ వంతని అర్థము వ్రాసియున్నారు. వీనికి ప్రత్యేకముగ గుర్తులును ఉండెడివి. కాలునకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముక్కాలునకు మూడు. వీసమునకు ఒక అడ్డగీత, పరకకు రెండు, మువ్వీసమునకు మూడు. కరణముల లెక్కలలో నుండి మఱుగుపడిన ఆ గీతలకు 2008లో యూనికోడ్ అను ప్రపంచ అక్షరపట్టికలో చోటు దొరకినది. నేడు యంత్రముమీద తెలుగు వ్రాయువారు వానిని తిరిగి వ్రాయవచ్చును.

ఈ పద్ధతిలోని సొగసు తీసివేత చేయునప్పుడు కాని తెలియదు. ఒకటిని విడదీసిన నాలుగు కాళ్లు; కాలును విడదీసిన నాలుగు వీసములు. ఎక్కడ విడదీసినను నాలుగే. పాత రూపాయికి పదునాఱు అణాలు గనుక, రూపాయిలో కాలు పావలా, పరక బేడ, వీసము అణా. కావున మన అవ్వలు చేతిలోని చిల్లరతోనే భిన్నములు నేర్చిరి. రెండు రూపాయల ఐదు అణాలు కలవు. రూపాయి పదకొండు అణాలు ఖర్చు. భిన్నములలో చెప్పిన, రెండును కాలును వీసమును ఉండగా, ఒకటియు అరయు మువ్వీసమును పోవలెను. ఒక వీసములో మూడు పోవు. ఉన్న ఒక్క కాలును విడదీసిన ఐదు వీసములు, మూడు పోగా రెండు. కాళ్లు అయిపోయినవి, రెండు రూపాయలలో ఒకటి విడదీసిన నాలుగు కాళ్లు, రెండు పోగా రెండు. మిగిలిన ఒక్క రూపాయి ఖర్చులోని రూపాయికి చెల్లు. చేతిలో నున్నది రెండు కాళ్లు, రెండు వీసములు, అరరూపాయి, బేడ, పది అణాలు.

పూర్ణసంఖ్యతో భిన్నము కలిసియున్న లెక్కలను మన ప్రాచీనులు వేఱుగా విభజించి చెప్పిరి. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యులు సంస్కృతమున గణితసారసంగ్రహము వ్రాసిరి. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన పదునొకండవ శతాబ్దివాడని పండితులు చెప్పుదురు. ఆ శాస్త్రములో భిన్నముల లెక్కకు కలాసవర్ణమని పేరు. ఒక సంఖ్యకు భిన్నము చేర్చి చెప్పినచో భాగానుబంధము. సంఖ్యనుండి భిన్నము తగ్గించి చెప్పినచో భాగాపవాహము. పేర్లు పెద్దవే కాని, ఐదుంబావు అనునది మొదటిదియు, పావుతక్కువ మూడు అనునది రెండవదియు. మా వదినెగారు ఆ సాయంకాలము ఒకే వాక్యములో రెంటిని వాడిరి.

వాడుటయే కాదు, దానితో లెక్కయు చేసిరని మాకు తరువాత తెలిసినది. పిల్లకు కొలిచి చూపకముందే వారికి రెండున్నర యని ఎట్లు తెలిసినది? అడుగగా, "పావుతక్కువ మూడే గదా వదినె! మూడు తీసేస్తే రెండుంబావు. పావు ఎక్కువ తీసినాము, అది మళ్లీ పోసేస్తే రెండున్నర" అనిరి. విడదీయుట లేదు, అప్పు లేదు. నిండు సంఖ్య తీసి, ఎక్కువ తీసినదానిని తిరిగి యిచ్చుట. క్రిందనున్నది ముప్పావుతోనో, గుడ్డ లెక్కలో ఏడు పరకలతోనో నిండుకు చేరువగా నున్నప్పుడు ఇంతకంటె తేలికైన త్రోవ లేదు. మేము పట్టణమున చదివి, గణితము కూడ నేర్చి, ఈ త్రోవను ఎన్నడును వాడి యెఱుగము. గడియారము చూచి పావుతక్కువ ఎనిమిది యని మాత్రము దినమును అనుచుందుము.

ఏ కొలతను ఎన్నింటిగా విడదీయవలెనో తెలియుటయే పూర్వము పెద్ద పని. పడికి నాలుగు పావులు, రూపాయికి పదునాఱు అణాలు, గజమునకు ముప్పదియాఱు అంగుళములు. చెన్నపట్టణపు తూనికలో మణుగునకు ఎనిమిది వీసెలు, వీసెకు నలువది పలములు. గంటకు అఱువది నిమిషములు. ఒకదాని అంకె మఱియొకదానిలో వాడినచో లెక్క మునిగిపోవును. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూఱు పైసలు వచ్చినవి. 1956నాటి చట్టమునుబట్టి 1958 అక్టోబరునుండి కిలోలు, మీటర్లు, లీటర్లు క్రమముగా అమలులోనికి వచ్చినవి. పదింటను, నూటను, వేయింటను విడదీయుట సులభమే. కాలము మాత్రము లొంగలేదు. గంటకు నేటికిని అఱువదే.

తులము సంగతియు ఇక్కడనే చెప్పవలెను. పాత తులము సుమారు 11.66 గ్రాములు. నేడు వాడుకలో తులమనిన 10 గ్రాములని చెల్లుచున్నది. మన అమ్మమ్మలనాటి ఐదు తులముల నగ నిజముగా 58 గ్రాములకు పైబడి యుండును. దానిని ఐదు తులములే గదా యని నేటి లెక్కలో 50 గ్రాములుగా మార్చుకొన్నచో ఎనిమిది గ్రాములకు పైగా పోయినట్లే. కడప సీమలో ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరెన్నికగన్నది. అక్కడికి పోయినను మఱియెక్కడికి పోయినను పాత నగను మార్చునప్పుడు తులము మాట విడిచి గ్రాములలోనే అడుగవలెను.

దశాంశములు వచ్చినవి కాబట్టి పిల్ల చేసిన తప్పు మనకు రాదనుకొనరాదు. ఇంటికి వచ్చు గ్యాసు సిలిండరులో 14.2 కిలోల వాయువుండవలెను. ఖాళీ సిలిండరు బరువు దాని పైభాగమున వ్రాసియుండును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బరువు. తెచ్చిన మనిషిని అడిగి తూచుకొనవచ్చును. తూకము 30.1, ఖాళీ బరువు 15.9 అనుకొందము. ఒక పదవవంతులో తొమ్మిది పోవు. ఒక కిలోను పది భాగములు చేసిన పదకొండు, తొమ్మిది పోగా రెండు. 29 లో 15 పోగా 14. సరిగా 14.2. తొందరలో పెద్దదానినుండి చిన్నదానిని తీసినవారికి 15.8 వచ్చును. సిలిండరు తక్కువగా వచ్చినను వారికి తెలియదు. ఎక్కువయే వచ్చినదని సంతోషింతురు.

ఒక్క పావేగా, ఒక్క అరయేగా యని అనుకొనుట మనకు అలవాటు. ఆ పావును అరయు ఎంతటివో కర్నూలు, కడప జిల్లాలకు ఒకప్పుడు తెలిసివచ్చినది. 1876లో వానలు తప్పినవి. ధాత నామ సంవత్సరమున మొదలైన ఆ కఱవు 1878 వఱకు నడచినది. మా సీమ పెద్దలు దాని మాట చెప్పునప్పుడు గొంతు తగ్గించెడివారు. కఱవు పనులకు వచ్చినవారికి దినమునకెంత గింజ లేక కూలి యిచ్చుట యని ప్రభుత్వమునకు ప్రశ్న వచ్చెను. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి, రాజప్రతినిధి యగు లిట్టనుప్రభువు పంపగా చెన్నపట్టణమునకు వచ్చి, వయసువచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొద్దిపాటి డబ్బును చాలునని తగ్గించెను. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. చెన్నరాజధాని ఆరోగ్యశాఖాధిపతి యగు డాక్టరు కార్నిషు దీనిని ఎదిరించి, కష్టపడి పనిచేయువానికి ఒకటిన్నర పౌను గింజలును, దానిపై పప్పును కూరలును ఉండితీరవలెనని వాదించెను.

ఒకటిన్నరకును ఒకటికిని తేడా అర పౌను. నేటి లెక్కలో సుమారు 227 గ్రాములు. వినుటకు చిన్నది. కాని ఒకటిన్నరలో అర యనగా మూడవ వంతు. ముప్పది దినములలో పదునైదు పౌన్లు. మూడు ముద్దలు తినవలసినవాడు ఎండలో ఱాళ్లు కొట్టుచు రెండు ముద్దలతో గడుపుట. ఆ సంవత్సరమే మార్చిలో చెన్నపట్టణ ప్రభుత్వము దానిని ఒకటింబావు పౌనునకు పెంచి, ఔన్సున్నర పప్పు చేర్చినది. అప్పటికిని కార్నిషు కోరిన గింజలకు పావు పౌను కొఱతయే. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవ వంతు తఱిగినది. అది యంతయు ఈ కోతవలననే యని చెప్పరాదు. వానలేమియు, ధరలును, జ్వరములును, ఊళ్లు విడిచిపోవుటయు అందున్నవి. ఐనను ఒకటిన్నరలోనుండి అర తీసివేసిన ఆ లెక్కను మేము చదివిననాటినుండి మఱచిపోలేకున్నాము.

మా పుట్టినింటి వంటయింటి గోడమీద బొగ్గుగీతలు మా చిన్ననాట ఎప్పుడును ఉండెడివి. నిలువుగీత పడి, చుక్క పావు. అవి మా అమ్మ గీసినవి. తరువాత వదినెగారు గీసిరి. పిల్ల లెక్క మూలముగా ఆ సాయంకాలము వాని మాట వచ్చినది. సంతనుండి సంతకు ఏడు దినములు. ఇంటివారి రొట్టెలకు దినమునకు 1¾ పడి జొన్నలు. కాబట్టి సంతనాడు 12¼ పడులు విడిగా కొలిచి పెట్టుదురు. మొదటి దినము పోగా 10½, రెండవనాడు 8¾, మూడవనాడు 7, తరువాత 5¼, 3½, 1¾. ఏడవనాడు ఏమియు మిగులదు. దినము దినము గోడమీద తుడిచి గీయుదురు. వదినెగారు చెప్పగా పిల్ల తన పుస్తకములో ఆ తీసివేతలన్నియు చేసినది. ఏడింటిలో ఐదింటికి పడి విడదీయవలసి వచ్చినది. అన్నియు సరిగనే వచ్చినవి.

"నాలుగోనాడు చుట్టాలొస్తే?" అని పిల్ల యడిగినది.

వచ్చెడివారే. ఆనాడు 1¾ కు బదులు 2½ పడులు పట్టును. 7 లో 2½ పోగా 4½. మిగిలిన మూడు దినములకు కావలసినది 5¼. కొఱత ముప్పావు. అప్పుడు మా అమ్మ సంతకు ముందుగా ఎవరినైనను గింజలడుగుటకు ఒప్పుకొనెడిది కాదట. మూడు దినములును ఒక్కొక్క పావు తగ్గించి, 1½ పడి చొప్పున సరిపెట్టెడిదట. మూడు ఒకటిన్నరలు నాలుగున్నర, లెక్క కుదిరినది. పిల్ల దానిని కూడ వ్రాసి, సరిచూచుకొని, తలయెత్తి, "ఆ పావు ఎవరికి తగ్గించేది జేజీ?" అనినది.

మేము ఆలోచించితిమి. అప్పుడు మేము పిల్లలము. మా కంచములో రొట్టె ఏనాడును తగ్గినట్లు జ్ఞాపకము లేదు.

"మీ అబ్బకు మాత్రం తగ్గేది కాదులే" అని వదినెగారు నవ్వి, చాపమీది జొన్నలు రెండున్నర పడులును తిరిగి గంపలోనికి ఎత్తిరి.